హుయాన్ త్సాంగ్ యాత్రాగ్రంథం: ప్రతులు, పాఠనిర్ణయం

క్రీ.శ. 7వ శతాబ్దపు ఆంధ్రదేశ చరిత్ర రాసేవారిలో హుయాన్ త్సాంగ్‌ను ఉదాహరించనివారు అరుదు. వేంగి ప్రాంతంగా భావిస్తున్న ఆంధ్ర రాజ్యం, ధాన్యకటకం ఆయన యాత్రాగ్రంథం 10వ భాగంలో వర్ణితమయ్యాయి. అయితే ఆంగ్లానువాదపు పుటసంఖ్యను పేర్కొనే వ్యాసాలు, ఆ అనువాదానికి ఆధారమైన చైనా పాఠం ఏ ప్రతిలోనిదన్న ప్రశ్నను అరుదుగానే వేస్తాయి. ఆ ప్రశ్న ఎందుకు అవసరమో గ్రంథపు ప్రతుల చరిత్రే చెబుతుంది.

645లో స్వదేశం చేరిన హుయాన్ త్సాంగ్, టాంగ్ చక్రవర్తి టైజోంగ్ ఆదేశంపై, శిష్యుడు బియాంజీ సహకారంతో 646లో 12 భాగాల 'దా టాంగ్ షీయూ జీ'ని పూర్తిచేశాడు. ఆ మూలప్రతి నేడు లేదు. డున్‌హువాంగ్ గుహలో లభించిన శిథిల వ్రాతప్రతులు గ్రంథంలోని తొలి భాగాలకు చెందినవి. జపాన్‌లోని కోషోజి ఆలయంలో ఉన్న 785 నాటి ప్రతి మొదటి భాగానిది. కనుక ఈ ప్రాచీన ప్రతులు ఆంధ్రదేశ వర్ణనకు సాక్ష్యం కాలేవు. దానికి ప్రధానాధారం శతాబ్దాల తరువాత చెక్క పలకలపై చెక్కి అచ్చువేసిన బౌద్ధ త్రిపిటక సంపుటాలు. సుంగ్ కాలపు ఫూజౌ ముద్రణ, 12వ శతాబ్దపు జావోచెంగ్ ముద్రణ, 1236-1251 మధ్య చెక్కిన కొరియా ముద్రణ వీటిలో ముఖ్యమైనవి.

ముద్రితమైనంత మాత్రాన పాఠం స్థిరపడదు. మింగ్ కాలపు ముద్రణలో సింహళ వర్ణన వద్ద, 15వ శతాబ్ది ఆరంభంలో నావికుడు జెంగ్ హ సింహళానికి వెళ్లిన వృత్తాంతం చేరింది. 646 నాటి గ్రంథంలో ఇది స్పష్టమైన ప్రక్షిప్తం. కాలవైరుధ్యం వల్ల ఇది పట్టుబడింది. అలాంటి వైరుధ్యం లేని చేర్పులను, లేఖక దోషాలను ప్రతులను పోల్చకుండా గుర్తించలేం.

స్థలనామాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. భారతీయ నామాలను ఆయన చైనా లిపిసంకేతాల ధ్వనులతో సూచించాడు. ఒక్క సంకేతం మారితే ఊరి పేరే మారవచ్చు. ధాన్యకటక రాజధానికి తూర్పు, పడమర దిక్కుల కొండలపై ఉన్నాయన్న విహారాల వర్ణన ఆధారంగా ఫెర్గూసన్ ఆ నగరాన్ని బెజవాడగా భావించాడు. ఇతరులు అమరావతి, ధరణికోట ప్రాంతాన్ని ప్రతిపాదించారు. ఇంతటి వివాదం కొన్ని వాక్యాలపై ఆధారపడినప్పుడు, ఆ వాక్యాల పాఠశుద్ధి గౌణాంశం కాదు.

జూలియెన్ ఫ్రెంచి అనువాదం (1857-58), బీల్ ఆంగ్లానువాదం (1884) వెలువడేనాటికి డున్‌హువాంగ్ ప్రతులు వెలుగుచూడలేదు. వాటర్స్ మరణానంతరం వెలువడిన వ్యాఖ్యానం (1904-05) పాఠభేదాలను చర్చించింది. కొరియా ముద్రణ ఆధారంగా 1911లో క్యోటో పరిష్కరణ, 1985లో జీ షియాన్‌లిన్ బృందం సవ్యాఖ్యాన పరిష్కరణ వెలువడ్డాయి. వీటి తరువాత కూడా బీల్ అనువాదం ఒక్కదానినే ప్రమాణంగా స్వీకరించడం సమంజసం కాదు.

తెలుగు కావ్యాలకు పలు ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు సరిచూపించిన బ్రౌన్ కృషిని మనం గౌరవిస్తాం. మన చరిత్రకు ఆధారమైన పరభాషా గ్రంథానికీ అదే నియమం వర్తించాలి. చైనా భాష తెలియని పరిశోధకుడు సైతం అనువాదానికి ఆధారమైన ముద్రణను పేర్కొనవచ్చు, రెండు అనువాదాలను పోల్చవచ్చు, అవి విభేదించినచోట నిర్ణయాన్ని వాయిదా వేయవచ్చు. హుయాన్ త్సాంగ్ సాక్ష్యం విలువ దీనివల్ల తగ్గదు. దానిని ఎంతవరకు నమ్మవచ్చో తేటపడుతుంది.