'రాదు' అనడం తేలిక

1884 వసంతంలో అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్‌లో పనిచేసే జాన్ పార్క్ ఫిన్లీ, టోర్నడోలు ఏ ప్రాంతంలో వస్తాయో, ఎక్కడ రావో రోజూ ముందుగా చెప్పి చూశాడు. తన మాట నూటికి 96.6 పాళ్లు నిజమైందని లెక్క తేల్చాడు. విమర్శకులు ఇంకో లెక్క ముందుకు తెచ్చారు. ఆ రోజులన్నింటా కళ్లు మూసుకుని 'రాదు' అని ఉంటే నూటికి 98.2 పాళ్లు నిజమయ్యేదన్నారు.

ఈ లెక్కతో ఫిన్లీ ఓడిపోయాడని నేను అనుకోను. టోర్నడో వచ్చిన 51 సందర్భాల్లో 28 అతను ముందే చెప్పాడు. ఎప్పుడూ 'రాదు' అనేవాడు ఒక్కటీ చెప్పలేడు. అరుదుగా వచ్చే ఆపద దగ్గర మార్కుల లెక్క పనికిరాదు. ఆ తర్వాత జనం బెదిరిపోతారని పై అధికారులు 'టోర్నడో' అన్న మాటనే అంచనాల్లోంచి తీసేయించారు. ఆ వెనకాడటం చాలా దశాబ్దాలు సాగింది. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరాన్ని టోర్నడో ధ్వంసం చేసింది. అక్కడి అధికారులు ఫాబుష్, మిల్లర్ ఐదు రోజుల తర్వాత వాతావరణ పటాల్లో మళ్లీ అవే లక్షణాలు చూసి హెచ్చరిక ఇచ్చారు. ఆ సాయంత్రమే రెండో టోర్నడో అదే స్థావరం మీదికి వచ్చింది.

ఇప్పుడు ఆ దేశమంతటికీ ఈ అంచనాలు వేసే కేంద్రం ఓక్లహోమాలోనే, నార్మన్‌లో ఉంది. మా మేనకోడలు డాలస్ పక్కన ప్లేనోలో కాపురం పెట్టినప్పటి నుంచి ఏప్రిల్, మే నెలల్లో ఆ కేంద్రం ముప్పును రంగుల్లో చూపే పటం చూడటం నాకు అలవాటైంది. మనకు సాయంత్రం ఆరున్నర, వాళ్లకు ఉదయం ఎనిమిది అయ్యేసరికి కొత్త అంచనా వస్తుంది. "మావయ్యా, ఇవాళ మాది ఏ రంగు?" అని అడుగుతుంది. మొదట్లో దాని కోసమే చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ అంచనాలు రాసేవాళ్ల పనితనం కోసం కూడా చదువుతున్నాను.

అక్కడి వసంతంలో మెక్సికో సింధుశాఖ (గల్ఫ్) నుంచి తడిగాలి నేలను అంటిపెట్టుకుని ఉత్తరానికి వస్తుంది. పడమటి పీఠభూముల మీంచి వచ్చే వేడి పొడిగాలి దాని పైన మూతలా పరుచుకుంటుంది. ఇంకా పైన జెట్ గాలులు. మూత సాయంత్రం దాకా బిగిసి ఉంటే చినుకైనా పడదు. మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట తెరుచుకుంటే గంటలోనే మేఘం పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి దిక్కు, వేగం బాగా మారుతుంటే ఆ మేఘం తిరగడం మొదలుపెడుతుంది. తడి ఎంతుందో, గాలి ఎంతుందో బెలూన్లు, కంప్యూటర్ నమూనాలు చాలావరకు చెబుతాయి. మూత తెరుచుకుంటుందా, ఎక్కడ, ఎన్నింటికి అన్నదే తేలదు. అంచనా వేసేవాళ్ల అసలు పని అక్కడ మొదలవుతుంది.

అందుకే నార్మన్ పటంలో 'వస్తుంది', 'రాదు' అన్న మాటలుండవు. ముప్పుకు ఐదు మెట్లు, వాటి వెనక శాతాలు ఉంటాయి. మీరున్న చోటి నుంచి సుమారు 40 కిలోమీటర్ల లోపల టోర్నడో వచ్చే అవకాశం ఇంత అని చెబుతారు. 10 శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, మామూలు రోజున ఆ అవకాశం ఒక శాతం కూడా ఉండదు. పటంతోపాటు వివరణ ఒకటి ఇస్తారు. ముప్పు గీతను ఇక్కడే ఎందుకు ఆపామో, పొద్దుటి మబ్బులు విడవకపోతే ఏమవుతుందో, తర్వాతి అంచనాలో ఏ ప్రాంతాన్ని పై మెట్టుకు ఎక్కించాల్సి రావచ్చో రాసి, చివర పేరు పెడతారు. రాసేవాళ్లకు అనుమానాన్ని దాచే వాక్యం సులువు. అనుమానం ఎక్కడుందో వేలు పెట్టి చూపే వాక్యం కష్టం. వాళ్లు రోజుకు ఐదుసార్లు ఆ కష్టమైన వాక్యాన్నే రాస్తున్నారు.

1999 మే 3 ఉదయం ఓక్లహోమాను అప్పటి కొలమానంలో కింది మెట్టులోనే పెట్టారు. న్యూ మెక్సికోలోని ట్యూకమ్‌కారి దగ్గర గాలిని కొలిచే పరికరం, నమూనాలు చెప్పినదానికన్నా బలమైన జెట్ గాలిని చూపించింది. మధ్యాహ్నానికి ఒక మెట్టు పెంచారు. సాయంత్రం నాలుగు కొట్టకముందే చిట్టచివరి మెట్టుకు తీసుకెళ్లారు. ఆ సాయంత్రం బ్రిడ్జ్ క్రీక్, మూర్ ఊళ్ల మీదుగా సాగిన టోర్నడోలో గాలి గంటకు 480 కిలోమీటర్లు దాటింది. 36 మంది చనిపోయారు. పొద్దున తాము రాసిందే పట్టుకుని కూర్చోకుండా పూట తిరగకముందే దిద్దుకున్నారు. ఆ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

2019 మే 20న దీనికి ఎదురు జరిగింది. అదే ప్రాంతానికి చిట్టచివరి మెట్టు, 45 శాతం. ఓక్లహోమాలో చాలా బడులు మూసేశారు. కొన్ని టోర్నడోలు వచ్చాయి గానీ భయపడినంత ఉపద్రవం రాలేదు. అనవసరంగా హడలగొట్టారన్న మాట వచ్చింది. నేను ఒప్పుకోను. 45 శాతం అన్నప్పుడు, మీరున్న చోటికి 40 కిలోమీటర్ల లోపల రాకపోవడానికి 55 పాళ్లు వాళ్లే ఇచ్చారు.

మన దేశంలోనూ మార్చి నుంచి మే దాకా పడమటి పొడిగాలి, బంగాళాఖాతపు తడిగాలి ఢీకొంటాయి. బెంగాల్, జార్ఖండ్, ఒడిశాల్లో కాలబైశాఖి అనే గాలివానలు అలా పుట్టేవే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. హెచ్చరికలు మనకూ ఉన్నాయి. వాతావరణ శాఖ నాలుగు రంగులతో ముప్పు చెబుతోంది, రాబోయే మూడు గంటల అంచనా ఇస్తోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన దామిని యాప్ పిడుగుల జాడ చూపిస్తోంది. ఆ రంగు ఎందుకు పెట్టారో, అనుమానం ఎంతో కూడా ప్రతి జిల్లా హెచ్చరికలో రెండు తెలుగు వాక్యాల్లో చెప్పాలని నా కోరిక. జనం బెదిరిపోరు, అర్థం చేసుకుంటారు.

పొలంలో ఉండగా ఫోనుకు పిడుగు హెచ్చరిక వస్తే చెట్టు కిందికి వెళ్లకండి, పక్కా ఇంట్లోకి వెళ్లండి. ఉరుము వినబడకపోయినా వెళ్లండి. ఆ పూట పిడుగు పడకపోతే, మళ్లీ హెచ్చరిక వచ్చినప్పుడు కూడా అలాగే వెళ్లండి.