చిత్రశాలల ప్రదర్శనకాలము – తోలుబొమ్మలాట

కళాసంస్థలు రాఁబోవు ప్రదర్శనకాలమునకై ముందుగాఁ బ్రకటించు కార్యక్రమపత్రికలను జదువువారికి వానియం దొక విశేషము గోచరింపకపోదు. ఏ చిత్రకారుని పటము లేమాసమున గోడల నలంకరించునో, ఏ పండితుఁ డేసాయంకాలమున నుపన్యసించునో, బాలబాలికల కేదినమున రంగులును గాగితములును బంచిపెట్టఁబడునో, అన్నియు నందు సవిస్తరముగా నుండును. ఈ వస్తువు లీకాలముననే యేల ప్రదర్శింపఁబడవలయునను ప్రశ్నకు మాత్ర మందు సమాధాన ముండదు. విమర్శకులును సాధారణముగా నాప్రశ్న నడుగరు. ఎవరి చిత్రములు చేర్పఁబడినవి, ఎవరివి విడువఁబడినవి యను చర్చతోడనే వారి విమర్శము ముగియును. కాలమనునది ప్రదర్శనశాల తలుపులు తెఱచియుండు దినముల లెక్కగా మాఱినది.

కొచ్చి నగరమున 2012వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన నారంభమై, రెండేండ్ల కొకమాఱు జరుగుటకు సంకల్పింపఁబడిన కళాప్రదర్శనము దక్షిణదేశమున నిట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. సముద్రతీరమునఁ బూర్వము సుగంధద్రవ్యములు మున్నగు సరకులు నిలువచేయఁబడిన గిడ్డంగులే దానికిఁ జిత్రశాలలు. దాని యాఱవ ప్రదర్శనమునకు 2025 డిసెంబరు 12 మొదలు 2026 మార్చి 31 వఱకుఁ గాలము నిర్ణయింపఁబడెను. హేమంతమునఁ దొడఁగి వసంతారంభమున ముగియు నీకాలము దూరదేశపు యాత్రికుల రాకకు ననుకూలమైనది. రాయలసీమ పల్లెలలోఁ గోఁతలు ముగిసి, కళ్ళములు ఖాళీయై, ఆటకాండ్ర బండ్లు వచ్చుచుండిన కాలమును నిదియే. రెండింటికిని మాసములు సమానములే, కారణములు వేఱు. అచ్చటఁ గాలము ప్రేక్షకుని సౌకర్యమునుబట్టి యేర్పడినది. ఇచ్చట భూమి పంటనుబట్టి యేర్పడినది. ఈ భేదమును గుర్తింపనిచోఁ దోలుబొమ్మ చిత్రశాలలోఁ బ్రవేశించునపుడు ద్వారముకడ నేమి విడిచి పోవుచున్నదో తెలియదు.

తెలుఁగు వాఙ్మయమునఁ జిత్రశాల క్రొత్తది గాదు. వినుకొండ వల్లభరాయని పేరఁ జెల్లుచు, శ్రీనాథకృతమని కొందఱిచే వాదింపఁబడు క్రీడాభిరామమున నోరుగంటిలోని మాచల్దేవి చిత్రశాలాప్రవేశోత్సవము వర్ణితమైనది. అందలి గోడలమీఁదఁ బురాణకథల శృంగారఘట్టములు లిఖింపఁబడియున్నవి. మంచనశర్మయు టిట్టిభసెట్టియు నగరముఁ జూడ వెడలినవారు. వా రీచిత్రములఁ జూచి, తమకుఁ దోఁచిన మాటలాడుకొని, ముందునకు సాగుదురు. చిత్రశాలకు వచ్చు ప్రేక్షకుని స్వభావము నాఁటికిని నేఁటికిని మాఱినట్లు కానరాదు. పటము నిలిచియుండును, చూచువాఁడు నడచును. ఎంతసేపు నిలువవలయునో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము వానిదే.

దీనిప్రక్క నుంచి చదువవలసిన గ్రంథము పండితారాధ్యచరిత్రము. పాల్కురికి సోమనాథుఁడు పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలమునఁ గూడిన జనసమూహమును, వారి పాటలను, ఆటలను వరుసగాఁ జెప్పుచు, వస్త్రపుఁదెఱమాటున బొమ్మల నాడించి భారతాదికథలు చూపువారిని సైతము పేర్కొన్నాఁడు. ఆ బొమ్మలు తోలువో కొయ్యవో యని తర్కింపవచ్చును గాని, తెఱమాటనుట నీడబొమ్మల పక్షమునే యెక్కువగా సమర్థించును. తోలుబొమ్మలాట చరిత్రమును వ్రాయువారు దాని ప్రాచీనతకు సాక్ష్యముగా నీఘట్టము నుదాహరించుచుందురు. ప్రాచీనతకంటె ముఖ్యమైన యంశ మొకటి యందుఁ గలదు. శివరాత్రి జాగరణపు రాత్రి. తెల్లవాఱువఱకు మేల్కొనియుండవలసిన జనులకుఁ దెల్లవాఱువఱకు సాగు నాటలు కావలయును. ఆ యాటకు దినము నిర్ణయించినది పంచాంగము. నిడివి నిర్ణయించినది వ్రతము. 2022 వఱకుఁ గర్నూలు జిల్లాలో నుండి, పిదప నంద్యాల జిల్లాలోఁ జేరిన యాశ్రీశైలమున జరిగిన తిరునాళ్ళను మాచల్దేవి చిత్రశాలతోఁ బోల్చిచూచినచో, కళను జూచుటకుఁ దెలుఁగుదేశమున రెండు మార్గము లుండెనని తెలియును. ఒకటి చూచుచు నడచుట. మఱియొకటి కూరుచుండి వేచియుండుట. నేఁటి కళాసంస్థలు మొదటిదాని సంతతి. తోలుబొమ్మ రెండవదానికిఁ జెందినది.

బొమ్మ నిర్మాణమే యీమాటకు సాక్ష్యము. మేఁకతోలును రోమము పోవునట్లు గీఁకి, కాంతి దూఱునంత పలుచన చేసి, దానిపై రూపము వ్రాసి, ఎఱుపు, నలుపు, పచ్చ మున్నగు రంగులు రెండు వైపులఁ బూయుదురు. పూర్వము దేవతాపాత్రలకు జింకతోలు వాడుచుండిరి. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణ చట్టముతో నది వాడరానిదయ్యెను. నాలుగైదడుగుల పొడవుగల బొమ్మలు తెలుఁగుదేశమున సామాన్యము. జావాద్వీపమునఁ బ్రసిద్ధమై, 2003లో యునెస్కోవారి గౌరవమును బడసిన వయాంగు ఆటలోని తోలుబొమ్మలు వీనికంటెఁ జిన్నవి, దట్టమైనవి. తెఱపై వాని నీడ నల్లగాఁ బడును. తెలుఁగుబొమ్మ నీడ రంగుల నీడ. ముక్కు, కన్ను, పార్శ్వముఖము తీర్చిన పద్ధతిలో లేపాక్షి వీరభద్రాలయపుఁ గప్పుమీఁది చిత్రములతో వీనికి గల పోలిక పలువురు గుర్తించినదే. అయినను లేపాక్షి చిత్రకారునికి లేని సాధన మొకటి బొమ్మలవానికిఁ గలదు. కిరీటము, కంఠహారము, వడ్డాణము, చీరయంచు, ఈ స్థానములయం దతఁడు రంగుతోఁ దృప్తినొందక, ఉలితో సన్నని రంధ్రములు పొడుచును. దీపము వెనుక నున్నపుడు ప్రతి రంధ్రము నొక రత్నమై మెఱయును. ఆభరణ మచ్చట వ్రాయఁబడినది గాదు, వెలుఁగుచేఁ జేయఁబడినది.

ఇట్టి బొమ్మను గోడకుఁ గొట్టి, లేక గాజుపెట్టెలో నుంచి, ముందువైపునుండి విద్యుద్దీపము ప్రసరింపఁజేసినచో నేమగును? రత్నములన్నియు నల్లని చుక్కలగును. రంగు తోలుమీఁది పూఁతగా మిగులును. కదలవలసిన చేయి దారముచే వ్రేలాడును. ప్రక్కనున్న చీటిలోఁ బాత్ర పేరు, తోలు జాతి, పొడవు వెడల్పులు శ్రద్ధగా వ్రాయఁబడియుండును; చూచువాఁడు తల యూఁపి తరువాతి పెట్టెకడకుఁ బోవును. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో బొమ్మలవారు జీవనోపాధికై తోలుతో దీపపుఁగప్పులను జేసి యమ్ముచుందురు. కళ పతనమైనదనుటకు దానిని నిదర్శనముగాఁ జూపి నిట్టూర్చువా రనేకులు. నిజమునకు దీపపుఁగప్పే గాజుపెట్టెకంటెఁ దోలుబొమ్మకు సమీపబంధువు. దానికి వెలుఁగు వెనుకనుండి వచ్చుచున్నది.

వెలుఁగుతోఁ బాటు చిత్రశాలలో లోపించునది గొంతు. రాయలసీమలోని బొమ్మలాటవారిలోఁ బెక్కుమంది యింట మరాఠీభాషాభేద మొకదానిని మాటలాడుకొనువారు. ఆటలో మాత్రము వారి నోట రంగనాథరామాయణపు ద్విపదలును, పద్యములును, సీమ మాండలికమున హాస్యపు మాటలును వెల్లువగా వచ్చును. రాముఁడు గ్రంథభాషలోఁ బలికిన మఱుక్షణమునఁ గేతిగాఁడును, జుట్టుపోలిగాఁడును, బంగారక్కయుఁ దెఱపైకి దూఁకి, ఆయూరి విశేషములనే యెత్తి, కరణమునో రెడ్డినో వెక్కిరించి పోవుదురు. ఈ హాస్యము మోటుదని తీసివేయువారు తఱచుగాఁ గానవత్తురు. రాత్రి మూఁడవజామున నిద్రకుఁ దూఁగుచున్న జనమును మేల్కొలుపు ధర్మము దానిదని వారు తలఁపరు. మద్దెల, తాళములు, హార్మోనియము, బల్లపైఁ ద్రొక్కు కొయ్యచెప్పుల చప్పుడు, ఇవి యన్నియు నాధర్మముననే యున్నవి. ఒక్క గంటలో ముగియు ప్రదర్శనమున కిందొకటియు నక్కఱలేదు. కావుననే యట్టి ప్రదర్శనములయం దవి యధికప్రసంగములుగాఁ దోఁచును.

ఇఁక కాలము మాట. సీమలో వాన పడనియేఁటఁ దోలుబొమ్మలవారిని రావించి విరాటపర్వ మాడించుట ప్రసిద్ధమైన యాచారము. విరాటపర్వము చదివించినను వాన కుఱియునను నమ్మకము తెలుఁగుదేశమందంతటఁ గలదు. ఈ నమ్మకమునకు మూలము కథలోనే యున్నది. పాండవు లజ్ఞాతవాసమున నెచ్చట దాఁగియుందురో యూహింపవలసివచ్చినపుడు, ధర్మరాజున్న దేశమున సకాలమున వానలు కుఱియునని, ఆవులు పాడిగలవై యుండునని భీష్ముఁడు లక్షణము చెప్పును. కౌరవు లావులమందలఁ బట్టుటతోఁ గథ ముగింపునకు వచ్చును. వానయుఁ బశువును బ్రాణములుగాఁగల దేశమునకు నీపర్వముకంటె దగినది లేదు. తిక్కన తెనిఁగింపఁ దొడఁగినదియు నీపర్వముతోడనే. వేరుసెనగ విత్తనము చేత పట్టుకొని మేఘమును జూచు కాఁపునకు విరాటపర్వ మొక వినోదము గాదు, విన్నపము. ఆయాటను కార్తికమాసమునఁ జల్లని యొక మందిరములో నాడించినచోఁ గథ యదియే, బొమ్మలవియే. విన్నపము మాత్ర ముండదు.

ఈపర్వముతోడనే సీమ రంగస్థలచరిత్రమున నొక పెద్దమార్పు జరిగినది. కడప జిల్లా చక్రాయపేట మండలమున సురభి యను గ్రామము కలదు. 1885లో నచ్చట నొక వివాహసందర్భమున వనారస గోవిందరావు మున్నగువారు కీచకవధను నాటకముగా నాడిరి. ఈ కుటుంబములవారు పూర్వము తోలుబొమ్మ లాడించినవారు. బొమ్మను విడిచి, తెఱవెనుకనుండి తెఱముందునకు వచ్చిరి. గొంతు వారిదే, కథ వారిదే. క్రొత్తగా వచ్చినది శరీరము. కీచకుఁడు చీఁకటిలో, నర్తనశాలలోఁ జచ్చినవాఁడు. చీఁకటి నాధారముగాఁ గొని బ్రదికిన యొకకళ చీఁకటిలో జరిగిన యొక వధను బట్టుకొని దీపముల ముందునకు వచ్చుట యాశ్చర్యకరమే. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుటయు, కుటుంబములే సమాజములగుటయు సురభివారి ప్రత్యేకత. 1937లో నేర్పడిన శ్రీవేంకటేశ్వర నాట్యమండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావు, అనఁగా బాబ్జీ, 2013లోఁ బద్మశ్రీ పురస్కార మందెను, 2022లోఁ బరమపదించెను. తోలుబొమ్మను విడువనివారిలో నిమ్మలకుంటకుఁ జెందిన దళవాయి చలపతిరావునకు 2020లో నదే పురస్కారము లభించెను. బొమ్మను విడిచినవారికిని, విడువనివారికిని సమానముగా గౌరవము దక్కినది. సమానముగాఁ దక్కనిది ప్రేక్షకలోకము. సురభివారు పట్టణమున స్థిరపడి పట్టణపుఁ బ్రేక్షకులఁ బడసిరి. బొమ్మలవారి ప్రేక్షకులు పల్లెలలోనే యుండిరి. వారిని సినిమా గొనిపోయెను, పిదప టెలివిజను గొనిపోయెను.

తుమ్మలపల్లె సురభి కనతిదూరమున, వేముల మండలములో నున్న యూరు. తుమ్మచెట్లవలన వచ్చిన పేరది. నేఁడాపేరు దేశమున వినవచ్చుట యచ్చటి యురేనియపు గనివలన. ఇట్టి గ్రామము కళాసంస్థల దృష్టి కానుట యసంభవము గాదు. గనిగుంతలు, ఎండినబీళ్లు, కూలివాని ముఖము, ఇవి ఛాయాచిత్రములకుఁ దగిన వస్తువులు. గ్రామము చిత్రమున కెక్కుట సులభము; ఆ చిత్రమును జూచు స్థానము గ్రామమునకు లభించుట యరుదు. ఏ సంస్థయైనను రాఁబోవు ప్రదర్శనకాలమునఁ దోలుబొమ్మలను జేర్పఁదలఁచినచో, పట్టణమున గాజుపెట్టెల కగు వ్యయములోఁ గొంతభాగము తగ్గించి, కోఁతలు ముగిసిన పిదపఁ దుమ్మలపల్లెవంటి యూరిలోఁ దెఱ కట్టించుట సముచితము. పట్టణప్రేక్షకులు కావలసినచో వారే బండియెక్కి రావచ్చును. కొచ్చికి సముద్రములు దాఁటి వచ్చువా రుండఁగాఁ బులివెందులదాఁక వచ్చుట భారము గాదు.

అట్లు చేయునపుడు మఱికొన్ని విషయములను మఱువరాదు. ఆట నడుమ హాస్యమును గత్తిరింపరాదు. బొమ్మలవారి పద్యములను, వారి వచనమును, తప్పొప్పుల దిద్దుబాటు లేక యున్నవి యున్నట్లు ధ్వనిముద్రణము చేయవలయును; తోలు వందయేండ్లు నిలువవచ్చును గాని, పెద్దల నోటనున్న పాఠ మొకతరముతోఁ బోవును. నీడనాటకములపై నమెరికా పండితుఁడు గోల్డ్‌బర్గ్‌బెల్ 1984లో సమర్పించిన సిద్ధాంతవ్యాసమును, మొదలి నాగభూషణశర్మ 1985లోఁ బ్రకటించిన గ్రంథమును దారి చూపియే యున్నవి. పాఠభేదములు గ్రంథములకు మాత్రమే చెందినవి గావు. ఒకే ద్విపద రెండు కుటుంబముల నోట రెండురీతుల నున్నచో, రెండును సేకరింపఁదగినవే. ఉపన్యాసములు జరుపఁదలఁచినచోఁ బగటిపూట జరుపవచ్చును. బొమ్మలవారే కూరుచుండి చెప్పునట్లు జరిపినచో మఱియు మేలు. వారికిచ్చు ప్రతిఫలము ప్రదర్శనముల సంఖ్యనుబట్టి గాక, రాత్రులనుబట్టి లెక్కింపవలయును. కార్యక్రమపత్రికయం దాట మొదలగు వేళను మాత్రము వ్రాసి, ముగియు వేళను వ్రాయక విడుచుట యుచితము.