కాలువ వాలుకే కెమెరా

ఊపిరి బిగబట్టు, మోచేతులు పక్కటెముకలకు ఆనించు, చెయ్యి అదరనీకు. స్టూడియోలో పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడికి మొదట చెప్పే మాటలివి. వీటిని పక్కనబెట్టి, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను కావాలనే కదిలించి బొమ్మ తీసే పద్ధతి ఒకటుంది. కొంతకాలంగా నాకు అదే ధ్యాస. ఆ పనికి జూపాడు బంగ్లా చుట్టుపక్కల నేలను మించినది నేను చూడలేదు.

ఇక్కడ కంటికి ఆనేవన్నీ గీతలే. సుంకేసుల దగ్గర తుంగభద్రను విడిచి కడప దాకా పోయే కేసీ కెనాల్ ఒక పొడవైన అడ్డగీత. 19వ శతాబ్దంలో దాన్ని సాగునీటితో పాటు పడవల రాకపోకల కోసం కూడా తవ్వారు. తూర్పున నల్లమల ఇంకో అడ్డగీత. ఆ రెంటి నడుమ జొన్న, మొక్కజొన్న చేలు నిలువుగా నిలబడతాయి. 44 వేల క్యూసెక్కులు వదలగల పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే నీళ్లు నురగలు కక్కుతూ దూకుతాయి. మామూలు ఫొటోలో ఇవన్నీ కరెంటు తీగలతో, గట్టు మీది చెత్తతో, బైకులతో కలిసిపోతాయి. కెమెరా కదిలినప్పుడు చిల్లరవన్నీ చెరిగిపోయి నేల రంగూ నడకా మిగులుతాయి. నాకు కావలసింది అదే.

పని మొదలుపెట్టగానే ఎదురయ్యేది మన ఎండ. నడినెత్తి ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 పెడితే సెకనులో నూరో వంతు వెలుతురే చాలు. అంత తక్కువ సేపట్లో చెయ్యి ఎంత కదిలినా బొమ్మలో తెలియదు. నాకు కనీసం అర సెకను కావాలి. అందుకని లెన్సు ముందు నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ బిగిస్తాను. 64 నంబరుది బిగిస్తే ఆ నూరో వంతు కాస్తా సెకనులో మూడింట రెండు వంతులవుతుంది. ఫిల్టర్ లేనివాళ్లు పొద్దు పొడవకముందు, పొద్దు గూకాక తీసుకోవచ్చు. కెమెరాలోనో లెన్సులోనో ఉండే స్టెబిలైజేషన్‌ను మాత్రం ఆపేయాలి. లేకుంటే మనం కదిలించేదాన్ని అది నిలబెట్టాలని చూస్తుంది.

ఇక చెయ్యి. మీట నొక్కాక కదిలిస్తే మొదట్లో కుదుపు పడుతుంది. నొక్కకముందే కదలిక మొదలవ్వాలి, షట్టర్ మూసుకున్నాక కూడా కాస్త దూరం సాగాలి. గొర్రు పట్టిన రైతు సాలు మధ్యలో ఆగడు కదా, అలాగన్నమాట.

ఎటు కదిలించాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఇందులో నా అభిప్రాయం గట్టిది: కదలిక వస్తువులోంచే రావాలి. కాలువను నీళ్ల వాలుకే లాగాలి. మొక్కజొన్నను వేరు నుంచి కంకి దాకా ఎత్తాలి. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద కెమెరాను చిన్నగా వణికిస్తే చాలు, ఎరుపు మంటలా లేస్తుంది. చేనుకూ కాలువకూ చెట్టుకూ ఒకే రకంగా చెయ్యి ఊపేవాళ్ల బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్లో తర్వాత పులిమే మసకా అంతే. దానికి నీళ్ల వాలు తెలియదు.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతేమీ కాదు. వియన్నాలో పుట్టిన ఎర్నెస్ట్ హాస్ 1950లలోనే స్పెయిన్ ఎద్దుల పోరును నెమ్మది షట్టర్‌తో, రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారేట్టు తీశాడు. ఆనాటి కొడాక్రోమ్ ఫిల్మ్‌కు వెలుతురు ఎక్కువ కావాలి. ఆ ఇబ్బందినే ఆయన తన కళకు దారి చేసుకున్నాడు. 1962లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆయన రంగుల ఫొటోలను ప్రదర్శనకు పెట్టింది.

ఈ నేలమీద నన్ను ఎక్కువగా కట్టిపడేసింది పత్తి చేను. పత్తి తీసే ఆడవాళ్లను అడిగితే, "మా మొగాలు పడకుండా తీసుకో నాయనా" అన్నారు. వాళ్ల మాట దాటకుండా, వంగిన నడుముల వెంట కెమెరాను కిందికి దించుతూ తీశాను. ముఖాలు లేవు. ఒడిలోకి పోయే చేతుల్లోని పత్తి తెలుపు, చీరల రంగులు, నల్లరేగడి, అంతే. స్క్రీన్ మీద చూపిస్తే ఒకామె పక్కనామెను పిలిచి, "ఆ పచ్చ చీరె నాదే, సూడక్కా" అంది. ముఖం దాచుకునే హక్కును కాపాడుతూనే మనిషి కష్టాన్ని చూపగల పద్ధతి ఇది. దీని విలువ అక్కడే ఉందని నేననుకుంటాను.

అన్నిచోట్లా పనికిరాదు కూడా. వార్తకు, సాక్ష్యానికి ముఖమూ చోటూ తేటగా కనబడాలి. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం మాకు దగ్గరే. అక్కడి కృష్ణజింకలు దూకే దూకు ఈ పద్ధతికి ఎంతో అందంగా ఒదుగుతుంది. కానీ ఫొటో కోసం వాటిని తరమడం తప్పు. అవే జింకలు చేలో పడితే రైతు పంట పోతుంది, ఆ సంగతీ మరవకూడదు.

నంద్యాల, ఆత్మకూరు, ఆళ్లగడ్డ స్టూడియోల తమ్ముళ్లకు ఒక మాట. పెళ్లి ఊరేగింపులో ఫ్లాష్ కొట్టి, షట్టర్ నెమ్మదిగా ఉంచి, దీపాలు గీతలయ్యేలా మీరు ఎప్పటినుంచో తీస్తున్నారు. అంటే సగం విద్య మీ చేతుల్లోనే ఉంది. ముహూర్తాలు లేని నెలలో తెల్లవారుజామున కాలువ గట్టుకు రండి. వచ్చినదాంట్లో ఒక్కటైనా ప్రింటు వేయించి, ఆ చేను ఎవరిదో వాళ్లింట్లో ఇచ్చి వెళ్లండి.