చెరిపేసిన చేతులు

ఆన్ గెడ్డెస్ అన్న పేరు మనలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆవిడ ఫోటోలు మాత్రం తెలుసు. క్యాబేజీ ఆకుల మధ్య కూర్చున్న పసివాళ్ళు, పూలకుండీలోంచి తల బయటపెట్టి చూసే పాప, పువ్వు నడుమ నిద్రపోయే చంటిబిడ్డ. క్యాలెండర్లుగా, గ్రీటింగ్ కార్డులుగా, పోస్టర్లుగా ఈ ఫోటోలూ, వీటిని చూసి తీసిన లెక్కలేనన్ని అనుకరణలూ మన ఊళ్ళదాకా వచ్చాయి. పిల్లల డాక్టరుగారి వెయిటింగ్ హాల్లో ఒకటి, కడుపుతో ఉన్న అమ్మాయి పడుకునే గదిలో ఇంకొకటి. లేవగానే చక్కటి పాప ముఖం చూస్తే పుట్టబోయే బిడ్డ కూడా అంత చక్కగా ఉంటుందని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం కదా.

గెడ్డెస్ 1956లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టారు. తర్వాత న్యూజీలాండ్‌లో, తల్లిదండ్రులు అడిగి తీయించుకునే పిల్లల పోర్ట్రెయిట్లే వృత్తిగా చాలాకాలం పనిచేశారు. 1996లో వచ్చిన 'డౌన్ ఇన్ ద గార్డెన్' పుస్తకంతో ప్రపంచమంతా తెలిసిపోయారు. అప్పట్నుంచీ ఆవిడ మీద వినిపించే విమర్శ ఒకటే: పంచదార ఎక్కువైందని, పిల్లల్ని బొమ్మల్ని చేశారని. నాకు ఆ పంచదారతో పెద్ద పేచీ లేదు. పసిబిడ్డని చూసి ముద్దొచ్చిందనడం నేరమేమీ కాదు. నా పేచీ వేరే. ఆ బిడ్డల్ని ఎవరు ఎత్తుకొచ్చారు? ఎవరు కూర్చోబెట్టారు? ఏడిస్తే ఎవరు తీసుకుంటారు? ఫోటోలో ఆ ఊసే ఉండదు. క్యాబేజీలో కూర్చున్న బిడ్డ క్యాబేజీలోనే మొలిచినట్టుంటుంది.

ఇది గెడ్డెస్‌తో మొదలైంది కాదు. పిల్లల పోర్ట్రెయిట్ అన్న వృత్తికే ఇది పాత అలవాటు. పంతొమ్మిదో శతాబ్దపు కెమెరాలకి ఒక్క ఫోటోకి చాలా సెకన్లు పట్టేది. అంతసేపు కదలకుండా ఏ పసిబిడ్డ ఉంటుంది? అందుకని తల్లినో ఆయానో కుర్చీలో కూర్చోబెట్టి, తలమీంచి దుప్పటి కప్పేసి, ఒళ్ళో బిడ్డని పెట్టేవారు. దుప్పటి కప్పిన మనిషి కుర్చీలాగో తెరలాగో కనిపించాలన్నది ఎత్తు. ఇప్పుడు చూస్తే అవి భయపెడతాయి. బిడ్డ వెనక ముసుగేసిన ఆకారం ఒకటి, అక్కడక్కడా దుప్పటి కిందనుంచి బయటికొచ్చిన చెయ్యి. ఇంగ్లీషులో వీటికి 'హిడెన్ మదర్' ఫోటోలని పేరు స్థిరపడింది.

ఇప్పుడు కెమెరాకి సెకనులో వెయ్యో వంతు చాలు. దుప్పటి అక్కర్లేదు. మరి తల్లి కనిపిస్తోందా? హైదరాబాద్, విజయవాడల్లో కూడా బాగా నడుస్తున్న 'న్యూబార్న్ షూట్' సంగతే చూడండి. బిడ్డ పుట్టిన రెండు వారాల్లోపే తీయాలంటారు. ఆ వయసులో గాఢంగా నిద్రపోతారు, ఎలా ముడిస్తే అలా ముడుచుకుంటారు. గది వెచ్చగా ఉంచుతారు, బుట్టలు, ఉన్ని గుడ్డలు, చిన్న టోపీలు సిద్ధంగా పెడతారు. వీటిలో పేరుమోసిన భంగిమ 'ఫ్రాగీ': బిడ్డ మోచేతుల మీద ఆనుకుని, రెండు అరచేతుల్లో గడ్డం పెట్టుకుని నిద్రపోతున్నట్టు ఉంటుంది. మెడ నిలవని బిడ్డ అలా కూర్చోలేదు. పని తెలిసినవాళ్ళు ఒక షాట్‌లో తలని, ఇంకో షాట్‌లో మణికట్లని పెద్దవాళ్ళ చేత పట్టించి, తర్వాత ఫోటోషాప్‌లో రెండూ కలిపి ఆ చేతుల్ని చెరిపేస్తారు. బిడ్డ క్షేమం కోసం అదే సరైన పద్ధతి, అందులో అనుమానం లేదు. నా ప్రశ్నల్లా ఒకటే. పట్టుకోకపోతే బిడ్డ ఉండలేని భంగిమనే మనం ఎందుకు కోరుకుంటున్నాం? డబ్బిచ్చి తీయించుకునేదీ అమ్మానాన్నలే, ఆ ఫోటోలోంచి చెరిగిపోయేదీ వాళ్ళే.

సాఫ్ట్‌వేర్ పనిలో లోపలి యంత్రాంగం బయటికి కనపడకుండా చెయ్యడం మంచి గుణం. బటన్ నొక్కేవాడికి సర్వర్ల గొడవ ఎందుకు? కానీ పోర్ట్రెయిట్ యాప్ కాదు. అది ఫలానా మనిషి ఫలానా రోజుల్లో ఎలా ఉందో చెప్పాలి. పది రోజుల బిడ్డకి సంబంధించిన మొదటి నిజం, అది ఎవరో ఒకరి చేతుల్లో ఉందన్నదే.

మన పాత స్టూడియో ఫోటోలు గొప్ప కళాఖండాలని నేననను. పూలజడ వేసి, జడ కనిపించేలా వెనక అద్దం పెట్టి తీసిన ఆడపిల్ల ఫోటో, బోర్లా పడుకోబెడితే తలెత్తి చూస్తున్న చంటాడి ఫోటో, కృష్ణుడి వేషం ఫోటో, ఇవన్నీ అచ్చు పోసినట్టే ఉంటాయి. వాళ్ళూ పెద్దవాళ్ళని ఫ్రేములోంచి తప్పించాలనే చూశారు. కానీ ఎక్కడో ఒక చోట దొరికిపోయేవారు. అంచున గిలక ఊపుతున్న చెయ్యి, నడుం వెనక చీర కొంగు. ఏమీ లేకపోయినా బుగ్గ మీద దిష్టిచుక్క ఉంటుంది. ఒక వేలు కాటుకలో ముంచి అక్కడ పెట్టింది. ఆ వేలు ఎవరిదో ఎవరూ అడగక్కర్లేదు. ఉన్ని టోపీల ఫోటోల్లో నేను వెతికి దొరక్క నిరాశపడేది ఆ చుక్క కోసమే.

గెడ్డెస్‌కి ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. 1993లో తీసిన నలుపు తెలుపు ఫోటో ఒకటుంది, 'జాక్ హోల్డింగ్ మనీషా'. నెలలు నిండకుండా పుట్టిన పాప, పెద్దపెద్ద మగచేతుల్లో ముడుచుకుని ఉంటుంది. పువ్వు లేదు, టోపీ లేదు. ఆ చేతులు అంత పెద్దవి కాబట్టే పాప ఎంత చిన్నదో తెలుస్తుంది. ఇంత ప్రాణం నిలబడిందంటే ఎన్ని చేతులు కాపలా కాసి ఉండాలి అనిపిస్తుంది. పేరు కూడా చూడండి: పట్టుకున్నవాడి పేరు, పట్టుకోబడిన పాప పేరు, రెండూ ఉన్నాయి. క్యాబేజీ పిల్లల ఫోటో పేరు 'క్యాబేజ్ కిడ్స్'. ఆకుల మధ్య ఇంకే పిల్లల్ని కూర్చోబెట్టినా ఆ పేరు సరిపోతుంది. ఇక్కడ మనీషా స్థానంలో మరొకరిని పెట్టలేం. నా లెక్కలో మొదటిది మంచి బొమ్మ, రెండోది పోర్ట్రెయిట్.

రెండూ తీసింది ఒకే మనిషి, దాదాపు అవే సంవత్సరాల్లో. లోకం క్యాబేజీనే ఎక్కువగా కొనుక్కుంది, ఆ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళూ దాన్నే నేర్చుకున్నారు. అందులో ఫోటోగ్రాఫర్ల తప్పు ఎంతో, తీయించుకునే మన ఇష్టం కూడా అంతే. షూట్‌కి వెళ్ళేవాళ్ళు ఒక్కటి అడిగి చూడొచ్చు: కలపకముందు, అమ్మ చెయ్యో నాన్న చెయ్యో ఉన్న ఆ మొదటి షాట్ కూడా మాకివ్వండి అని. ఎలాగూ తీస్తారు, చెరపకపోతే చాలు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్ల ఆల్బమ్ తిరగేస్తే, ఆగి చూసే ఫోటో అదే అవుతుందని నా నమ్మకం.