మోదుగను ఫొటో తీయాలంటే నీడ వెతకాలి

ఫాల్గుణం వచ్చేసరికి తెలంగాణ, రాయలసీమ అడవుల్లో మోదుగలు ఆకు రాల్చేసి కొమ్మ కొమ్మకూ పూస్తాయి. కారు ఆపి ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోనివాళ్లు అరుదు. ఇంటికొచ్చి చూసుకుంటే మాత్రం చాలా ఫొటోలది ఒకటే వరస: వెనక పాలిపోయిన ఆకాశం, ముందు నల్లటి కొమ్మలు, వాటి మీద అక్కడక్కడా నారింజ మరకలు. కళ్లు చూసిన ఎరుపు అందులో ఉండదు. తప్పు ఫోనుది కాదు. అడవిలో పూల చెట్టును ఫొటో తీయడం సగానికి పైగా నీడను ఎంచుకోవడమే. ఆ సంగతి పట్టుబడితే మామూలు కెమెరా కూడా చాలు.

మోదుగతో మొదటి చిక్కు ఆకాశం. చెట్టుకు ఆకు లేదు కాబట్టి కింద నిలబడి పైకి చూస్తే ప్రతి గుత్తి వెనకా ఆకాశమే కనిపిస్తుంది. పువ్వు కన్నా అది ఎన్నో రెట్లు వెలుగుగా ఉంటుంది. కెమెరా మీటరు ఆ వెలుగుకు జంకి మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది. పువ్వుకు సరిపడా వెలుగు పెంచితే ఆకాశం తెల్లకాగితం అయిపోతుంది. దీనికి మందు చోటు మార్చడం. గట్టో, గుట్ట వాలో ఎక్కి చెట్టు తలకు సమానంగా నిలబడాలి. అప్పుడు పూల వెనకకు అవతలి కొండ వాలు వస్తుంది.

ఆ వాలు ఏ వైపుదో చూసుకోవాలి. పొద్దున పూట పడమటి వాలు ఇంకా నీడలోనే ఉంటుంది. దానికి ఎదురుగా, అంటే తూర్పుకు ముఖం చేసి నిలబడితే, కొండ మీదుగా వచ్చే నీరెండ ముందున్న చెట్టుకు తగులుతుంది, వెనకంతా ముదురు నీలి నీడ. సాయంత్రం దీన్ని తిరగేసుకోవాలి. సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి లెన్సు మీద ఎండ పడకుండా హుడ్ గానీ అరచేయి గానీ అడ్డం పెట్టాలి.

ఎదురెండలో మోదుగ పువ్వును దగ్గరగా చూడండి. చిలుక ముక్కులా వంగిన రేకు, దాని అడుగున నల్లపచ్చని మఖమల్ తొడుగు. రేకుల వెలుపల సన్నటి నూగు ఉంటుంది. ముందు నుంచి ఎండ పడితే ఆ నూగు కనబడదు. వెనక నుంచి పడితే రేకు అంచు పొడవునా వెండి గీత తేలుతుంది, రేకు లోపలి నుంచి వెలిగినట్టు ఉంటుంది. తొడుగు నలుపు వల్ల ఆ ఎరుపు ఇంకా నిలబడుతుంది. ఇంత వివరం కావాలంటే 100 మిల్లీమీటర్ల మాక్రో గానీ 200 దాటిన టెలిఫొటో గానీ ఉంటే మంచిది. టెలిఫొటోకు ఇంకో లాభం ఉంది: వెనక నీడలో ఒక చిన్న తునకనే తీసుకుంటుంది కాబట్టి అక్కర్లేని కొమ్మలు, ఆకాశం బయటే ఉండిపోతాయి.

రెండో చిక్కు ఎరుపే. డిజిటల్ సెన్సర్ ఎరుపు, పచ్చ, నీలం వెలుగులను విడివిడిగా కొలుస్తుంది. మోదుగ మీద ఎండ పడినప్పుడు మిగతా రెండూ సగంలో ఉండగానే ఎరుపు నిండిపోతుంది. నిండాక అందులో వివరం ఉండదు. రేకు మడతలు, ఈనెలు పోయి ఒకే ముద్ద రంగు మిగులుతుంది. కెమెరా వెనక మామూలు హిస్టోగ్రామ్‌లో అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి మూడు రంగులనూ విడిగా చూపే హిస్టోగ్రామ్ చూడాలి. ఎరుపు గీత కుడి అంచును గుద్దుకుంటుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాపు దాకా తగ్గించి, 'రా' ఫైలులో తీసుకోవాలి. నీడలను తర్వాత పైకి లేపుకోవచ్చు, నిండిపోయిన ఎరుపును వెనక్కి తేలేం. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. ఫ్రేము నిండా నారింజ రంగు ఉంటే అది వెలుగు దోషమనుకుని కెమెరా చల్లబరుస్తుంది. 'డేలైట్'లో పెట్టుకుంటే చాలు.

ఎండ ఎక్కాక, తొమ్మిదింటికే, అడవి నేల మీద ఎండపొడలు మొదలవుతాయి. కంటికి ముచ్చటగా ఉండే ఈ పొడలు కెమెరాకు శత్రువులు. ఒక రేకు మీద ఎండ, పక్క రేకు మీద చీకటి పడితే రెంటినీ ఏ సెన్సరూ పూర్తిగా మోయలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎలియట్ పోర్టర్ (1901–1990) మబ్బు వెలుగును అంతగా ఇష్టపడింది అందుకే. వైద్యం చదివి పరిశోధన చేసిన ఆయన దాన్ని వదిలి కెమెరా పట్టాడు. నలుపు తెలుపే కళ అనుకునే కాలంలో పక్షులను రంగుల్లో తీయడం మొదలుపెట్టాడు. 1962లో సియెరా క్లబ్ వేసిన ఆయన అడవి ఫొటోల పుస్తకం రంగుల ప్రకృతి ఛాయాచిత్రణకు దారి వేసింది. మబ్బు కింద ఆకుల మెరుపు తగ్గి అసలు రంగులు బయటికొస్తాయని ఆ ఫొటోలు చూస్తే తెలుస్తుంది.

మన ఫాల్గుణంలో మబ్బు ఎక్కడిది? దానికి బదులు కొండ నీడ ఉంది. తూరుపు తెల్లవారి, సూర్యుడు ఇంకా కొండ దాటని ఆ కాసేపు అడవంతా ఒకే తీరు వెలుగు. అప్పటికి గాలి కూడా లేచి ఉండదు. ట్రైపాడ్ ఉంటే తక్కువ ఐఎస్ఓలో నిదానంగా తీసుకోవచ్చు. ఈ వెలుగు నీలంగా ఉంటుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ కొంచెం వెచ్చగా జరపాలి. ఎండ వచ్చాక తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు చేరతాయి. అప్పుడు షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతుకు పెంచాలి.

చెట్టును బట్టి లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పూసే రేల పసుపు గుత్తులకు ఎదురెండ మోదుగ కన్నా బాగా నప్పుతుంది, రేకులు అంత పలచన. తెల్లవారుజామున రాలే ఇప్ప పూలను చెట్టు మీద కన్నా నేల మీద, ఎండ తగలక ముందు తీయాలి. లేత రంగు పూలు ఫ్రేములో చిన్నగా, చుట్టూ చీకటిగా ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఫ్రేమంతా అవే ఉంటే పెంచాలి.

ఫొటో కోసం కొమ్మ విరవడం, అడ్డొచ్చిందని మొక్క పీకడం తగదు. ఇది అడవికి నిప్పంటుకునే కాలం, బీడీ సిగరెట్ల ఊసే వద్దు. అమ్రాబాద్, కవ్వాల్ వంటి పులుల అభయారణ్యాల్లో రోడ్డు దిగాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అంత దూరం పోనవసరమూ లేదు. మోదుగ పొలం గట్ల మీద, ఊరి బీళ్లలో కూడా పూస్తుంది.

ఈ పనికి అందాన్ని మించిన విలువ ఒకటుంది. మోదుగ ఆకు విస్తరి, పూల రంగు హోళీ, రెండూ ఆ చెట్టు కాలానికి ముడిపడ్డవే. ఆ కాలం ముందుకో వెనక్కో జరుగుతోందా అన్నది ఒక్క ఏడాది ఫొటో చెప్పదు. ఏటా ఒకే చెట్టును ఒకే చోటి నుంచి తీసినవి చెబుతాయి. చెట్ల పూత, కాత, ఆకు రాలే కాలాలను జనం చేత నమోదు చేయించే 'సీజన్‌వాచ్' వంటి కార్యక్రమాలు మన దేశంలో ఉన్నాయి. నీడ, ఎదురెండ కుదిరి మంచి ఫొటో దొరికాక, ఇంటికి తిరిగే ముందు ఇంకొకటి తీయండి: చెట్టు మొత్తం, మొదలు నుంచి తల దాకా, ఏ సోకూ లేకుండా. తేదీ, ఊరు పేరు రాసి పెట్టుకోండి. గోడకు మొదటిది తగిలించుకుంటాం, పదేళ్ల తర్వాత లెక్కకు వచ్చేది రెండోది.