ఆప్ట్ వద్దంటే వినాలి

ఉబుంటులో ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే ఒక్కోసారి ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ మొండికేస్తుంది. ఫలానా ప్యాకేజీకి ఫలానా లైబ్రరీ కావాలి, అది ఇన్‌స్టాల్ అవదు అని రెండు మూడు లైన్లు చూపించి ఊరుకుంటుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్ల చెయ్యి మాత్రం ఊరుకోదు. "అన్నా, ఫోర్స్ కొట్టేయనా?" అంటారు. "ఆగు. ముందు పాలసీ చూడు" అంటాను.

నన్నడిగితే ఈ పనిలో ముప్పాతిక వంతు చదవడమే. తరచూ ఎదురయ్యే గొడవ ఒకటి చెబుతాను. లిబ్‌కర్ల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ కావాలి. దానికి లిబ్‌కర్ల్4 ఉంటే చాలదు. నక్షత్రంతో పాటు పాదం కూడా కలవాలన్నట్టు, వెర్షన్ చివరి అంకె దాకా ఒకటే కావాలి. ఉబుంటు 22.04 ఇచ్చేది 7.81. మెషీన్‌లో చూస్తే అంతకన్నా కొత్తది కూర్చుని ఉంటుంది. ఎవరు పెట్టారు?

'ఆప్ట్ పాలసీ లిబ్‌కర్ల్4' అని కొడితే బండారం బయటపడుతుంది. ఉబుంటు రిపాజిటరీ వెర్షన్ పక్కన 500 ఉంటుంది. మూడు నక్షత్రం గుర్తులు (***) పెట్టిన మన వెర్షన్ పక్కన 100 మాత్రమే, కింద డీపీకేజీ స్టేటస్ ఫైల్ దారి. అంటే ఈ ప్యాకేజీ మన డిస్కు మీద తప్ప ఏ రిపాజిటరీలోనూ లేదు. ఎప్పుడో 20.04 రోజుల్లో ఎవరో ఒక పీపీఏ, అంటే బయటి రిపాజిటరీ, కలిపారు. 22.04కి అప్‌గ్రేడ్ సమయంలో ఉబుంటు అలాంటి రిపాజిటరీలను ఆపేస్తుంది. పీపీఏ పోయింది, అది తెచ్చిన లైబ్రరీ మిగిలింది. ప్రయారిటీ 1000కి చేరితే తప్ప ఆప్ట్ తనంతట తాను పాత వెర్షన్‌కి దిగదు. కాబట్టి లిబ్‌కర్ల్4 పేరు పక్కన ఈక్వల్ గుర్తు, దాని పక్కన 7.81 వెర్షన్ పూర్తిగా రాసి మనమే దించాలి. అదీ ముందు 'మైనస్ ఎస్' పెట్టి ఉత్తుత్తి రన్ చేశాకే. అందులో నేను చూసేది ఒక్కటే: తీసేసే ప్యాకేజీల జాబితా.

ఆ జాబితా చదవకపోతే ఏమవుతుందో 2021లో లైనస్ సెబాస్టియన్ యూట్యూబ్‌లో లోకమంతటికీ చూపించాడు. పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, డిపెండెన్సీ చిక్కు వల్ల డెస్క్‌టాప్‌నే తీసేస్తానంది ఆప్ట్. ప్రమాదమని హెచ్చరించి, చెప్పింది చెయ్యి అనే అర్థం వచ్చే వాక్యాన్ని టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. తప్పు ప్యాకేజీదే, ఆయన్ని చూసి నవ్వలేను. ఆ తర్వాత ఆప్ట్ కమాండ్‌లో ఆ వాక్యంతో పని జరగకుండా చేశారు. మంచి పని.

కొన్ని చిక్కులకు అసలు విరుగుడు ఉండదు. పాత అప్లికేషన్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 అడుగుతుంది, 22.04లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 తప్ప లేదు. 20.04 డెబ్ ఫైలు తెచ్చి డీపీకేజీతో పెట్టేస్తే ఎక్కుతుంది, ఎర్రర్ పోతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చే రిపాజిటరీ ఏదీ మెషీన్‌లో లేదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1కి ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబరులోనే ముగిసింది. అలాంటప్పుడు అప్లికేషన్‌ని కంటైనర్‌లోకి నెట్టేస్తాను, లేదా తయారుచేసినవాళ్లకే తిరగ్గొడతాను. ఆరోజు మేనేజర్ ముఖం చిన్నబోతుంది.