రాతను చెరిపే చేతులు

జార్జ్ ఆర్వెల్ 1949లో వెలువరించిన ‘1984’ నవల అనగానే గోడ మీది నుంచి చూసే పెద్దన్న కళ్లే అందరికీ గుర్తొస్తాయి. ఆ నవల అసలు బలం మాత్రం కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ చేసే కొలువులో ఉంది. సర్కారు ఇవాళ చెబుతున్న మాటకు సరిపోయేలా పాత పత్రికల వార్తలను తిరగరాయడం అతని రోజువారీ పని. రే బ్రాడ్‌బరీ 1953 నాటి ‘ఫారెన్‌హీట్ 451’లోనూ పుస్తకాలను తగలబెట్టేది అగ్నిమాపక ఉద్యోగే. అణచివేతకు లోనైన మనిషి చేతే అణచివేతను నడిపించడం ఈ కోవ నవలల గొప్ప శిల్పం. నిషేధం ఒక దస్త్రంగా, ఒక నెల జీతంగా ఎలా సాగిపోతుందో అవి విప్పి చూపుతాయి.

ఇదంతా పడమటి దేశాల భయం, మనకెందుకు అనేవారున్నారు. ఖిలా వరంగల్ చరిత్ర ముందు ఆ మాట నిలవదు. నిజాం రాజ్యంలో సభ జరుపుకోవాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు శాసించింది. అలాంటి చోట లాఠీ ఎత్తనక్కర్లేదు, అర్జీని బల్ల మీద నాన్చితే చాలు. కచేరీ, పై చదువులు ఉర్దూలో నడవడంతో తెలుగుకు బయట చోటు కుంచించుకుపోయింది. చివరికి నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట అచ్చులోకి ఎక్కింది. సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి దానికి జవాబిచ్చారు. విన్‌స్టన్ చేసే పనికి ఇది సరిగ్గా ఎదురు పని: లేరన్న వాళ్లను పేరుపేరునా అచ్చులో నిలబెట్టడం. 1946 ఆగస్టు 11న ఖిలా వరంగల్‌లో జాతీయ జెండా ఎగరేసినందుకు బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపారు. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో కాల్చి, చేయి నరికారు. ఆయన రాసింది ఉర్దూలోనే. అందుకే దీన్ని రెండు భాషల తగవుగానో, రెండు మతాల తగవుగానో చెప్పడం తప్పు. ఏలికకు అడ్డొచ్చిన రాత ఏ లిపిలో ఉన్నా శిక్ష ఒకటే.

రాజు పోయాడు కదా, ఇంకా భయమేమిటంటారు. 1966లో వరంగల్‌లో మొదలైన ‘సృజన’ పత్రిక సంచికలు కొన్ని నిషేధానికి గురైంది స్వతంత్ర భారతంలోనే. 1975 ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సార్ పెట్టింది జనం ఓట్లతో గెలిచిన ప్రభుత్వమే. చేతిలో ఫోన్ ఉండగా ఎవరేం దాచగలరన్న ప్రశ్న ఇంతకంటే బరువైనది. వినోదంలో ముంచేస్తే దాచాల్సిన అవసరమే ఉండదని ఆల్డస్ హక్స్‌లీ 1932లోనే ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో చూపించాడు. బ్రాడ్‌బరీ కథలోనూ మంట పెట్టక ముందే జనం చదవడం మానేశారు. వందసార్లు ఫార్వర్డ్ అయిన అబద్ధం ముందు నిజం గొంతు వినిపించకపోతే, దాన్ని ఎవరూ నిషేధించనక్కర్లేదు.

కవి కాళోజీ బడిపలుకుల కన్నా పలుకుబడుల భాషనే నమ్ముకోవడం వెనుక, రాతను చెరపడం ఎంత తేలికో తెలిసిన ఎరుకే ఉందని నా అభిప్రాయం. నోటికి పట్టిన మాటను ఏ దస్త్రమూ జప్తు చేయలేదు. హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టినవారికీ గ్రంథాలయం విలువ ఏమిటో తెలుసు. పిల్లల చేతికి ‘1984’ ఇచ్చే ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం: దాని పక్కనే ‘గోలకొండ కవుల సంచిక’ కూడా పెట్టండి.